ఇచ్చిందీ నిజమే, బతికిందీ నిజమే

ప్రాక్టీసు మానేశాక కూడా అప్పుడప్పుడు మా పాత ఆఫీసుకు వెళ్తుంటాను. కొత్తగా నల్లకోటు వేసుకున్న పిల్లలు చుట్టూ చేరి, ‘మేడం, మీరు గెలిచిన పెద్ద కేసు ఏది?’ అని అడుగుతారు. పెద్దదంటే వాళ్ళ దృష్టిలో పెద్ద భూమి, పెద్ద కంపెనీ. కొత్తగూడ, కొండాపూర్, హఫీజ్‌పేట్ మనుషుల కేసులు జీవితమంతా వాదించినదాన్ని కాబట్టి, రాళ్ళగుట్టలు అద్దాల మేడలైన కథేదో చెబుతానని ఎదురుచూస్తారు.

నేను వాళ్ళకు ఒక మెస్ యజమానురాలి కథ చెబుతాను. అందులో భూమి లేదు. నాలుగు గాజులు, ఒక గుండ్ల హారం, ఒక బ్యాంకు ఖాతా ఉన్నాయి. నా వృత్తిలో నన్ను నిజంగా లాయర్ని చేసిన కేసు అది. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మా పని అసలు ఏమిటి

మనిషి పోయాక డబ్బు కోసం కొట్టుకుంటారని లోకం అనుకుంటుంది. నా ఆఫీసుకు వచ్చినవాళ్ళలో చాలామంది కొట్టుకున్నది డబ్బు కోసం కాదు. ‘నాన్నకు నేనంటేనే ఎక్కువ ఇష్టం’ అని కోర్టు చేత చెప్పించుకోవడం కోసం. అందుకే ఆ కేసులు రాజీకి రావు. డబ్బును సగం చేయొచ్చు, ఇష్టాన్ని సగం చేస్తే ఎవరూ ఒప్పుకోరు.

ఈ ప్రాంతంలో చదువుకున్నవాళ్ళు ఎక్కువ. అయినా పొరపాటు మాత్రం అందరిదీ ఒకటే. ఒకసారి ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు తన తల్లి ఖాతా తాలూకు స్క్రీన్‌షాట్ ఫోన్లో చూపించి, ‘ఇందులో నా పేరు ఉందండి. అమ్మ పోయింది. ఇంక మా చెల్లికి ఏం సంబంధమండి?’ అని అడిగాడు. పాపం, అతనికి ఎవరూ చెప్పలేదు. ఉమ్మడి ఖాతాలో పేరు ఉండటమంటే ఆ డబ్బును బ్యాంకు నీ చేతికిస్తుందనే గానీ, ఆ డబ్బు నీదైపోయిందని కాదు. తల్లి తన సంపాదన వేసి, కొడుకు పేరును కేవలం సౌకర్యం కోసం చేర్చి ఉంటే, ఆమె పోయాక అందులో చెల్లికీ వాటా ఉంటుంది. నామినీ సంగతీ అంతే. నామినీ తీసుకునేవాడు, తినేవాడు కాడు.

ఇక బతికుండగా ఇచ్చిన కానుకలు. వీటిలో అసలు చిక్కేమిటంటే, ఇచ్చిన మనిషి ఉండడు. ఏ ఉద్దేశంతో ఇచ్చాడో చెప్పాల్సినవాడు వెళ్ళిపోతాడు. మిగిలినవాళ్ళంతా ఆయన తరఫున మాట్లాడతారు. ఎవరి చెవికి ఏది వినిపించాలో అదే వినిపించి ఉంటుంది.

నా వృత్తి మొత్తంలో ఒకే ఒక్కసారి, చనిపోతానని అన్నీ ఇచ్చేసిన మనిషి బతికొచ్చి, తన మాట తానే చెప్పుకుంది. ఆమె పేరు యాదమ్మ.

యాదమ్మ వచ్చిన రోజు

కొత్తగూడ చౌరస్తాకు కొంచెం లోపలగా, హాస్టళ్ళ సందులో యాదమ్మ మెస్ ఉండేది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, పప్పు, ఒక కూర. మధ్యాహ్నమైతే మెడలో ఐడీ కార్డులు వేలాడే పిల్లలు సందు చివరిదాకా నిలబడేవారు. భర్త చాలా కాలం క్రితమే పోయాడు, పిల్లలు లేరు. వెనుక ఉన్నది ఒక్క తమ్ముడు మల్లేశ్. ఐటీ కంపెనీలకు క్యాబులు నడిపే ఒక ట్రాన్స్‌పోర్టులో సూపర్‌వైజరు.

ఆమె నా దగ్గరకు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. లిఫ్టు పనిచేయక మెట్లెక్కి వచ్చింది. గుండె ఆపరేషన్ అయిన మనిషి. కుర్చీలో కూర్చుని, ఊపిరి కుదుటపడేదాకా చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. గాజులు లేని చేతులవి.

“మేడం, నేను బతికిన. గదే తప్పయింది,” అంది.

అప్పుడు కథంతా చెప్పింది. గుండె కవాటం పాడైంది. ఆపరేషన్ చేసినా నిలుస్తుందన్న నమ్మకం తక్కువని డాక్టరు చెప్పాడు. ముందురోజు సాయంత్రం దవాఖానలో, చేతి గాజులు, మెడలో గుండ్ల హారం తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. ఆమెకున్న భయం ఒకటే. తను పోతే భర్త తరఫు వాళ్ళు వచ్చి పడతారు. వాళ్ళు ఆమె మొహం చూసి ఏళ్ళయింది. పిల్లలు లేని విధవరాలు వీలునామా రాయకుండా పోతే, ఆమె సొంతంగా సంపాదించినది కూడా భర్త వారసులకే పోతుందని మన చట్టం చెబుతుంది. ఆమెకు చట్టం తెలియదు గానీ, అలా జరిగిన ఇళ్ళు తెలుసు.

“తమ్ముడే నాకు అన్నీ చూస్కున్నడు. అందుకే వానికిచ్చిన. ఆపరేషన్ అయింది, మస్తు దినాలు ఐసీయూల ఉన్న. ఎవలూ బతుకుత అనుకోలే. బతికిన.”

ఇంటికొచ్చేసరికి ఆమె బతుకు అప్పటికే సర్దేసి ఉంది. మెస్ తాళాలు మల్లేశ్ గది యజమానికి అప్పగించేశాడు. గిన్నెలు, పొయ్యిలు అమ్మేశాడు. మోకాళ్ళ నొప్పుల వల్ల బ్యాంకుకు పోలేక, సరుకుల డబ్బు తీయడానికి ఎప్పుడో తమ్ముడి పేరు తన ఖాతాలో చేర్పించింది. ఆ ఖాతాలో ఉన్నదంతా అతను తన పేరు మీదకు మార్చుకుని, అందులోంచి కొంత తీసి ఒక ప్లాటుకు అడ్వాన్సు కట్టాడు.

“అడిగిన మేడం. నా గాజులు నాకియ్యరా, దుకాణం మల్ల తెరుస్త అని. ‘అక్కా, ఇచ్చింది ఇచ్చిందే గదనే. నేనేమన్న అడిగిన్నా? నువ్వే ఇస్తివి. సుట్టాలందరికీ జెప్పుకున్న, ఇగ ఇప్పుడెట్ల?’ అన్నడు. వాడు నా మొహం జూస్తలేడు. నేను బతికొచ్చినందుకు వానికి సిగ్గయితుంది.”

మెస్ ఉన్న గదిని యజమాని మందుల షాపుకు ఇస్తానని బేరం పెట్టుకున్నాడు. నెలలోపల అడ్వాన్సు కడితే యాదమ్మకే ఇస్తానన్నాడు. ఆ వయసులో, ఆ గుండెతో, కొత్త చోట మళ్ళీ మొదలుపెట్టగలదా? ఆమెకూ అనుమానమే, నాకూ అనుమానమే.

అబద్ధం చెప్పనన్న క్లయింటు

మా సీనియర్ చలపతిరావు గారు తెనాలి వైపు మనిషి. సివిల్ ప్రాక్టీసులో దిట్ట. చాలా ఏళ్ళ తర్వాత నేను విడిగా ఆఫీసు పెట్టుకున్నా, కష్టమైన ఫైలు పట్టుకుని ఆయన దగ్గరకే వెళ్ళేదాన్ని. ఆయన అంతా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“కేసు లేదమ్మా. బంగారం అంటే చరాస్తి. దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఇస్తున్నానని చేతిలో పెడితే దానం పూర్తయిపోయినట్టే. పూర్తయిన దానాన్ని వెనక్కి అడిగే హక్కు లేదు.”

“మరేం చేయమంటారండి?”

“ఒకటే దారి. ఆపరేషన్‌కు ముందు నగలు తీసేయమని ఆసుపత్రివాళ్ళు ఎలాగూ చెబుతారు కదా. దాచిపెట్టమని తమ్ముడికిచ్చిందని రాసేయండి. దానం అన్న మాటే ఎత్తొద్దు. నమ్మదగ్గ మాటే. సగం కోర్టు అక్కడే మనవైపు వస్తుంది.”

నాకూ అది మంచి దారే అనిపించింది. మర్నాడు యాదమ్మకు చెప్పాను. ఆమె నన్ను వింతగా చూసింది.

“దాచిపెట్టమని ఇయ్యలే మేడం. నేను పోతే నీవే అని ఇచ్చిన. ఇయ్యనే లేదంటే వాడు నా మొహం మీద ఉమ్మితే తుడుసుకోవాలె. నేను ఇచ్చిందీ నిజమే, బతికిందీ నిజమే. ఈ రెండూ జెప్పి గెలిపిస్తరా? లేకుంటే వద్దు తీయుండ్రి.”

అప్పుడు నాకు చిరాకేసింది. నిజం చెప్పొద్దా! కేసు గెలవాలని వచ్చిన మనిషి, ఎలా గెలవాలో కూడా తనే చెబుతోందే అనుకున్నాను. ఆ సాయంత్రం ఆఫీసులో ఒక్కదాన్నే కూర్చుని, ఆమె మాటను అటూ ఇటూ తిప్పి చూశాను. ‘నేను పోతే నీవే.’ అంటే పోకపోతే?

అప్పటిదాకా నేను, మా సీనియరూ ఇద్దరం ‘ఇచ్చింది’ అన్న మాటనే పట్టుకుని కూర్చున్నాం. ‘పోతే’ అన్న మాటను ఇద్దరం వదిలేశాం. చావు తప్పదనుకుని జబ్బు మనిషి ఇచ్చే కానుక వేరు, మామూలు దానం వేరు. పాత న్యాయసూత్రం ఒకటి ఉంది: అలాంటి కానుక ఆ జబ్బుతో మనిషి పోతేనే నిలుస్తుంది. కోలుకుంటే చెల్లదు. ఇచ్చినవాళ్ళు వెనక్కి తీసుకోవచ్చు. విద్యార్థిగా ఎప్పుడో చదివాను. వాదించే అవసరం రాలేదు, ఎందుకంటే అలా ఇచ్చినవాళ్ళు బతికి నా ఆఫీసు మెట్లు ఎక్కలేదు.

దావాలో నిజమే రాశాను. ఇచ్చింది. పోతాననుకుని ఇచ్చింది. పోలేదు.

చిన్నవాళ్ళకు ఇక్కడ ఒక మాట. క్లయింటు చెప్పిన నిజాన్ని మీకు తెలిసిన చట్టానికి సరిపోయేలా కత్తిరించకండి. ఆ నిజానికి సరిపోయే చట్టం ఉందేమో ముందు వెతకండి. చాలాసార్లు ఉంటుంది.

బ్యాంకు చెప్పింది, చెప్పనిది

ముందు బ్యాంకుకు వెళ్ళాం. మేనేజరు నెల్లూరు వైపు కుర్రాడు, మర్యాదస్తుడు. యాదమ్మకు మంచినీళ్ళు ఇప్పించి, మెల్లగా చెప్పాడు.

“అమ్మా, ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చని మీరే సంతకం పెట్టారండి. అతను అడిగాడు, మేం ఇచ్చాం. ఇందులో మా వైపు నుంచి ఏమీ లేదండి.”

“నీదేం తప్పు లేదు బిడ్డా,” అంది యాదమ్మ. “గని గా పైసలు నా పొయ్యి కాడ సంపాయించినవి.”

ఆ ఇద్దరూ చెప్పింది నిజమే. బ్యాంకు చూసేది సంతకం. కోర్టు చూసేది ఆ డబ్బు ఎవరి చెమట, ఏ ఉద్దేశంతో పేరు చేరింది అన్నది. చాలామంది లాయర్లు బ్యాంకును కూడా ప్రతివాదిగా చేర్చి, ఏళ్ళ తరబడి దానితో పోట్లాడుతూ అసలు మనిషిని వదిలేస్తారు. నేను ఆ పని చేయలేదు. మల్లేశ్ ఒక్కడి మీదే వేశాను. నగలు అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా, మిగిలిన డబ్బు కదపకుండా మధ్యంతర ఉత్తర్వు అడిగాను. మొదటి వాయిదాలోనే వచ్చింది.

ఆ కాగితం చూపించగానే, డబ్బు ఈమెకు తిరిగొస్తుందన్న నమ్మకంతో మెస్ గది యజమాని మెత్తబడ్డాడు. ఆయన చెడ్డవాడేం కాదు, ఖాళీ గదికి కిరాయి రావాలి, అంతే. హాస్టళ్ళ పిల్లలకు సంగతి తెలిసింది. యాదమ్మ అడగలేదు. వాళ్ళే వచ్చి, కొన్ని నెలల భోజనం డబ్బులు ముందే కట్టి, అడ్వాన్సుకు సరిపోయేలా చేశారు. కేసు ఇంకా నడుస్తుండగానే, అరువు తెచ్చిన గిన్నెలతో యాదమ్మ పొయ్యి వెలిగించింది. డాక్టరు కోప్పడితే, ఒక మనిషిని పనికి పెట్టుకుని తను స్టూలు మీద కూర్చుని వడ్డించింది. నా వాయిదాలకు వచ్చేటప్పుడు ఆమె చీర పోపు వాసన వేసేది. తీర్పు రాకముందే ఆమె సగం గెలిచేసిందని నాకప్పుడే అనిపించింది.

మల్లేశ్ బోనెక్కినప్పుడు

విచారణలో యాదమ్మ తన సాక్ష్యం సూటిగా చెప్పింది. కానీ వాది తన గురించి తాను చెప్పుకున్న మాటకు బలం ఎంత? పైగా ఎదుటి లాయరు ఒక గట్టి ప్రశ్న అడిగాడు.

“మత్తు మందులు ఇచ్చారు కదా. ఆ రోజు మీరన్న ప్రతి మాటా మీకు గుర్తుందా?”

“అన్నీ గుర్తులేవు సార్,” అంది యాదమ్మ. అబద్ధం చెప్పని క్లయింటుతో ఉండే కష్టం అదే. నేను తల వంచుకున్నాను.

తర్వాత మల్లేశ్ వంతు. అతని తరఫున దాఖలైన ప్రమాణపత్రంలో, అక్క ప్రేమతో, ఏ షరతూ లేకుండా, శాశ్వతంగా ఇచ్చేసిందని ఉంది. అది లాయరు భాష, అతనిది కాదు. ముందురోజు రాత్రంతా తయారుచేసుకున్న ప్రశ్నలు నా చేతిలో ఉన్నాయి. ప్లాటు ఎప్పుడు చూశావు, అడ్వాన్సు ఎప్పుడు కట్టావు, అక్క ఐసీయూలో ఉండగానే కదా, ఇలా. అతన్ని దొంగగా నిలబెట్టే ప్రశ్నలు.

బోనెక్కి అతను నా వైపు చూడలేదు, జడ్జిగారి వైపు చూడలేదు. వెనుక బెంచీలో కూర్చున్న అక్కను చూశాడు. చాలా రోజుల తర్వాత చూస్తున్నట్టు చూశాడు. ఆ చూపుతో నాకొకటి అర్థమైంది. ఇతను దొంగ కాదు. అక్క పోతుందని ముందే ఏడ్చేసి, ఏడ్చిన మనసుతో అన్నీ సర్దేసిన మనిషి. ఆమె తిరిగొచ్చాక ఏం చేయాలో తెలియక బిగుసుకుపోయాడు. ఇతన్ని నేను తిడితే లాయరు రాసిచ్చిన మాటలనే పట్టుకుంటాడు. తిట్టకపోతే?

నా కాగితాలు బల్ల మీద బోర్లించాను.

“మల్లేశ్ గారూ, ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం అక్క దగ్గర ఎవరున్నారు?”

“నేనొక్కన్నే ఉన్న మేడం.”

“డాక్టరు మీతో ఏం చెప్పారు?”

“ఆశలు పెట్టుకోకుండ్రి అన్నడు.”

“ఆ సంగతి అక్కకు తెలుసా?”

“తెలుసు. నేను బయటికి వొయ్యి ఏడ్సి వచ్చిన. నా కండ్లు జూసి అడిగింది. చెప్పిన.”

ఎదుటి లాయరు లేవబోయాడు. “సాక్షి జవాబు చెబుతున్నారు, చెప్పనివ్వండి,” అన్నారు జడ్జిగారు.

జవాబు ఖాయంగా తెలియని ప్రశ్న క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగకూడదని మా సీనియర్ నేర్పారు. అది మంచి నియమం, నూటికి తొంభైసార్లు పాటించండి. నాకు ఆ రోజు జవాబు ఖాయంగా తెలియదు. మనిషి మాత్రం తెలిశాడనిపించింది.

“గాజులు మీ చేతిలో పెడుతూ అక్క ఏమంది? ఆమె అన్నది అన్నట్టే చెప్పండి.”

అతను మళ్ళీ అక్క వైపే చూసి చెప్పాడు.

“‘మల్లా, నేను పోతే ఇవి నీవేరా. మరిదోల్లకు ఇయ్యకు,’ అన్నది. నేను ‘గట్లనకు అక్కా’ అన్న. అప్పుడు నవ్వింది. ‘ఒకేల బతికొస్తే నా గాజులు నాకే ఇస్తవు తీ, ఇంకేమైతది,’ అన్నది.”

జడ్జిగారు ఆ వాక్యాన్ని ఒకటికి రెండుసార్లు చదివి వినిపించి, “ఇంతే కదా మీరన్నది?” అని అడిగారు. “అవు సార్. గిట్లనే అన్నది,” అన్నాడు మల్లేశ్. అని, బోను చెక్క మీద తల పెట్టుకున్నాడు.

వెనక్కి తిరిగి చూశాను. యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఆ చివరి మాట తనన్నట్టు ఆమెకే గుర్తులేదు. మత్తులో పోయిన మాటను తమ్ముడు దాచి ఉంచాడు. నగలతో పాటు దాన్ని కూడా తిరిగిచ్చాడు.

ఇంక ఖాతా గురించి ఒక్క ప్రశ్న అడిగాను.

“ఆ ఖాతాలో మీరెప్పుడైనా మీ జీతం వేశారా?”

“లేదు మేడం. అక్క సరుకుల కోసం తీసేటోన్ని. అంతే.”

“ఇంక ప్రశ్నలు లేవు,” అని కూర్చున్నాను.

తీర్పు

ఎదుటి లాయరు కూడా గట్టివాడే. మరణం ముంగిట ఇచ్చే కానుకల గురించి వారసత్వ చట్టంలో ఉన్న సెక్షను హిందువులకు నేరుగా వర్తించదని వాదించాడు. అది తేలిగ్గా తీసేయదగ్గ వాదన కాదు, నేను కొన్ని రోజులు దానితో కుస్తీ పట్టాను. చివరికి నేను చెప్పింది ఇంతే: సెక్షను సంగతి అటుంచండి, ఆమె షరతు పెట్టింది. ఆ షరతును ప్రతివాదే తన నోటితో చెప్పాడు. షరతు జరగలేదు. జరగని షరతు మీద ఇచ్చిన కానుక ఎలా నిలుస్తుంది?

జడ్జిగారు అదే పట్టుకున్నారు. నగలు యాదమ్మవే. ఖాతాలో తమ్ముడి పేరు సౌకర్యానికే గానీ దానం కాదు, ఆ డబ్బూ ఆమెదే. ప్లాటుకు కట్టినది కూడా తిరిగి ఇవ్వాలి. తీర్పు చివర మల్లేశ్ గురించి, ‘తనకు నష్టమని తెలిసి కూడా ఈ సాక్షి నిజం చెప్పాడు’ అని ఒక వాక్యం రాశారు. ఓడిపోయినవాడి గురించి అంత మంచి మాట నేను మరే తీర్పులోనూ చదవలేదు.

అతను అప్పీలుకు వెళ్ళలేదు. ప్లాటు రద్దు చేసుకున్నాడు. అందులో కొంత పోగొట్టుకున్నాడు కూడా. ఆ లోటును నెలనెలా తన జీతంలోంచి పూడ్చాడు. నగలు తెచ్చి నా ఆఫీసులోనే అప్పగించాడు. యాదమ్మ గాజులు వేసుకుని, చేయి పైకెత్తి ఒకసారి కదిలించింది. తమ్ముడితో ఆ రోజు ఒక్క మాటా మాట్లాడలేదు. నేనూ మాట్లాడమనలేదు. కోర్టు సొత్తు ఇప్పిస్తుంది గానీ మాటలు ఇప్పించలేదు, అది మన పని కాదు.

చలపతిరావు గారికి తీర్పు చూపించాను. క్రాస్ ఎగ్జామినేషన్ భాగం రెండోసారి చదివి, “ఈ ప్రశ్న అడగమని ఎవరు చెప్పారమ్మా?” అన్నారు.

“ఎవరూ చెప్పలేదండి.”

“నేను పక్కనుంటే అడగనిచ్చేవాణ్ణి కాను,” అని, తీర్పు మడిచి నా చేతికిస్తూ, “లేకపోవడమే మంచిదైంది,” అన్నారు. ఆయన నోటి నుంచి అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు కోర్టు నుంచి ఇంటికి వెళ్తూ, కొత్తగూడ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని కూడా నవ్వుకుంటూ కూర్చున్నాను.

వడ్డన

కొన్నాళ్ళకు యాదమ్మ ఫోన్ చేసింది. “మేడం, వీలునామా రాయాలె. మంచిగున్నప్పుడే రాస్త. మల్ల దవాఖాన మంచం మీద ఇచ్చుడు, గుంజుకునుడు నాకొద్దు.”

నా దగ్గరకు వచ్చిన క్లయింట్లలో, ఒక కేసు నుంచి ఇంత సరైన పాఠం నేర్చుకున్నవాళ్ళు ఇంకొకరు లేరు. ఖాతాలో ఎవరి పేరు ఎందుకుందో బ్యాంకులో రాసిచ్చింది. డాక్టరు చేత ఆరోగ్యంగా ఉన్నానని కాగితం తెచ్చుకుంది. వీలునామా రాయించి, రిజిస్టర్ చేయించింది.

ఆ మర్నాడు మెస్‌కు సెలవు ప్రకటించి, అందరినీ భోజనానికి పిలిచింది. అందరినీ అంటే అందరినీ. ఏళ్ళుగా తొంగి చూడని మరిది కుటుంబం, మల్లేశ్, అతని భార్య, పిల్లలు, గది యజమాని, హాస్టలు పిల్లలు కొందరు, నేను. బెంచీల మీద ఎదురెదురుగా కూర్చున్నారు. మల్లేశ్ ఒక మూల కూర్చుని తల దించుకున్నాడు.

యాదమ్మ మధ్యలో నిలబడింది. చేతులకు మళ్ళీ ఆ నాలుగు గాజులు.

“అందరికీ ఒక మాట జెప్త. నేను వీలునామా రాసిన. గా కాగితం మేడం తాన ఉన్నది. ఎవలికేం రాసిన్నో నేను పోయినంక తెలుస్తది. అప్పటిదాక ఏదీ ఎవలిది గాదు. నాది.”

మరిది మెల్లగా అడిగాడు. “గట్ల దాచుడేంది వదినా? ఇప్పుడే చెప్తే ఫికర్ ఉండదు గద.”

“చెప్తే నాకుంటది ఫికర్. చెప్పకుంటే మీరందరు నాతోటి మంచిగుంటరు.”

హాస్టలు పిల్లలు ముందు నవ్వారు. తర్వాత గది యజమాని. మరిది కూడా నవ్వక తప్పలేదు. యాదమ్మ గరిటె తీసుకుని వరసగా వడ్డించుకుంటూ వచ్చింది. మల్లేశ్ దగ్గరకొచ్చి ఆగింది. ఆ కోర్టు రోజు తర్వాత ఆమె అతనితో మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

“తలకాయ లేపురా మల్లా. రేపు పొద్దుగాల బియ్యం బస్తాలొస్తయి, దించుడానికి వస్తవా?”

“వస్తనే అక్కా,” అన్నాడు అతను.

“ఇగ తినుండ్రి అందరు,” అంది యాదమ్మ. “పచ్చిపులుసు కావాల్సినోల్లు అడుగుండ్రి. నేనింకా మస్తు రోజులు వడ్డిస్త.”